ఇరవై ఆరో దుప్పటి

నాలుగేళ్లుగా ఈ అడవి నాకు మరకల్లోనే తెలుసు.
వారానికి రెండుసార్లు
కంబాలకొండ వెనక రిసార్టు నుంచి మూటలొస్తాయి
జ్ఞానాపురంలో మా రేకుల షెడ్డుకి.
విప్పగానే ముందు వాసన:
నానిన ఆకు, పొగచూరిన వెదురు,
ఎవరో పూసుకున్న దోమల నూనె.
తర్వాత మరకలు.
జూన్లో నేరేడు ఊదా,
ముల్లు గీరిన కాలి నుంచి ఆవగింజంత ఎరుపు,
ఎర్రమట్టిలో ఆడొచ్చిన పిల్లల అరికాళ్లు.
ఏ ఊరి పిల్లలో,
నా చేతుల్లోనే కరిగిపోతాయి ఆ పాదాలు.

తెల్లగా ఉతికి దండెం మీద వేస్తే
పోర్టు మీంచి బొగ్గుధూళి వచ్చి
అందరికంటే ముందు తనే పడుకుంటుంది.
గాలి ఎటుందో చూడకుండా
మా వీధిలో ఎవరూ తడిబట్ట ఆరేయరు.

కిందటేడు గదుల్లో ఒక అట్ట పెట్టారు:
తువ్వాలు మళ్లీ వాడండి, కొండవాగును కాపాడండి.
నలభై ఉండే మూట ఇరవై ఐదుకి దిగింది.
అసిరి లెక్క చూసి నవ్వాడు,
"వాగు బతికింది. మరి మనవేటి?"
నాకు నవ్వు రాలేదు.
కానీ అబద్ధమెందుకు,
ఆ వారం నా మోచేతులు నొప్పి లేకుండా నిద్రపోయాయి.

నిన్న సాయంత్రం
ఇస్త్రీ మూటలు దించుతుండగా వాన పట్టుకుంది.
గేటు దగ్గర కల్వర్టు మీంచి నీళ్లు.
ఆటో ముందుచక్రం ఒకసారి దిగి చూసి వెనక్కొచ్చింది.
"నాలుగో నంబరు ఖాళీయే, పడుకోండి"
అన్నాడు మేనేజరు కుర్రాడు గొడుగు కింద నుంచి,
మా మొహాలు చూడకుండా.

వెదురు గుడిసె.
చెప్పులు విప్పాక కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలీలేదు.
మంచం మీద నా దుప్పటే.
నాలుగు మూలలా నా మడతే,
అంచున మా గుర్తు, ఎర్రదారం రెండు కుట్లు.
కూర్చోడానికి నాకు నడుం వంగలేదు.
అసిరి మాత్రం వాలిపోయి
"ఇంత గంజెందుకు పెడతావే, వీపు గీరుకుపోతంది" అన్నాడు.
నాలుగేళ్లలో మొదటి ఫిర్యాదు.

స్నానాల గది గోడ మీద ఇంకో అట్ట.
ఇక్కడి కాలవలో సబ్బు నురగ ఉండకూడదట.
ఉండదు. ఆ నురగంతా
మా వీధి కాలవలో ఉంది.

తొమ్మిదికి సోలారు దీపం తనంతట తానే ఆరిపోయింది.
మా దగ్గర రాత్రంటే
పోర్టు లైట్ల కింద పసుపుపచ్చ పగలు.
ఇంత చిక్కటి చీకటి
నేనెప్పుడూ ఒంటి మీద కప్పుకోలేదు.
నిద్ర పట్టబోతుంటే ఎక్కడో కుక్క మొరిగింది.
మళ్లీ, మళ్లీ, ఒక్కటే గొంతు.

"కుక్క కాదమ్మా, కొండగొర్రె,"
అరుగు మీంచి వాచ్‌మన్ బుద్రయ్య.
"సిరతని సూసుంటాది."
"సూస్తే పారిపోవాలి గానీ అరుస్తాదేటి?"
"పారిపోతానే పక్కోళ్లకి సెప్తంది."

లేచి కూర్చున్నాను.
మా వీధిలోనూ అంతే.
ధూళిగాలి తిరిగిందని ముందు చూసినావిడ
తన బట్టలు లాక్కుంటూనే కేకేస్తుంది, "గాలి మారిందర్రోయ్!"
పది డాబాల మీద పదిమంది ఆడవాళ్లు పరిగెడతారు.
మధ్యాహ్నం దండెం కోసం తిట్టుకున్నవాళ్లు కూడా.
కొండకి అటువైపూ ఇటువైపూ
ఒకే కేక అన్నమాట.

బుద్రయ్య దోసెడు నేరేడుపళ్లు ఇచ్చాడు.
చీకట్లో తిన్నాం,
గింజలు ఎక్కడ పడ్డాయో చూసుకోకుండా,
డబ్బులిచ్చి వచ్చినవాళ్ల లాగా.

తెల్లారి చూస్తే
అసిరి వీపంత గుంట, నా పక్కన సన్నటి ముడత,
కాళ్ల దగ్గర ఊదారంగు.
అది ఎవరిదో ఈసారి నాకు తెలుసు.

మూట కట్టి పుస్తకంలో ఇరవై ఐదు వేశాడు అసిరి.
కొట్టేసి ఇరవై ఆరు వేశాను.
"మనం పడుకున్నదానికి మనవే డబ్బులడుగుతావేటే?"
రాత్రి పడుకున్నావిడ ఎవరో అతిథిలే.
రేపు రాతిబండ దగ్గర వంగేది వేరే మనిషి.
ఆవిడ కూలి ఆవిడకి పడాలి.