ఉ అంటే ఎర్రగడ్డ

దేవనకొండ దాటినాక మూడో స్టేజీలో దిగి
రెండు మైళ్లు నడిస్తే మా బడి.
రెండే గదులు. ఒకదాన్నిండా బియ్యం మూటలు.

మొన్న మండలం నుంచి అట్టపెట్టె వచ్చింది.
ఒక ట్యాబు, యాభై ఆరు అట్టముక్కలు,
"ముక్క మీద ట్యాబు పట్టండి, అక్షరం లేచి నిలబడుతుంది"
అని ఒక కాగితం.

నిలబడింది.
అ మీద పడితే
నా గాజుల పక్కనే అరటిగెల వేలాడింది.
ఏ మీద పడితే ఏరు,
విరిగిన బల్ల అంచు దాకా పారి ఆగింది.
ముందు వరుస పిల్లలు కాళ్లు పైకి లాక్కున్నారు.
సుంకులమ్మ మాత్రం పలక పక్కన పెట్టి
ఆ నీళ్లున్న చోట వేలు ముంచింది,
వేలు చూసుకుంది,
పొడి వేలిని గౌనుకు తుడుచుకుంది.

తర్వాత ఉ.
గుండ్రంగా, పొరలు పొరలుగా, కొత్త స్టీలు చెంబులా మెరుస్తూ
గాల్లో తిరగసాగింది.
"ఇది ఏమిటి?"
ట్యాబు లోపలి అమ్మాయి అడిగింది
తేనె రాసుకున్న గొంతుతో.

"ఎర్రగడ్డ!"
ఇరవై మూడు నోళ్లు.
"మళ్లీ ప్రయత్నించు."
"ఎర్రగడ్డా!" పాపం చెవుడేమో అని ఇంకా గట్టిగా.
"మళ్లీ ప్రయత్నించు."

ఆమె తప్పు లేదు.
కర్నూలు మార్కెట్ యార్డులో తెల్లారుజామున
మూటల మధ్య కునికిన మనిషి కాదు కదా.

వెనక నుంచి ఉరుకుందు లేచాడు.
అమ్మా నాయినా మిరప కోతలకని సుగ్గికి పోతే
అవ్వ దగ్గర మిగిలినోడు.
రెండేళ్లలో వాడి నోట
"ఉచ్చకు పోతా టీచర్" తప్ప
ఇంకో మాట నేను విన్లేదు.
వచ్చి, ట్యాబు ముందు వంగి,
చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు:

"మేయ్, ఇది ఎర్రగడ్డ.
పోయినేడు మా నాయిన ట్రాక్టరు నిండా ఏసుకోని పాయె.
కిలో రూపాయిన్నర అన్న్యారంట.
వచ్చేటప్పుడు వంకలో పారబోసె.
ఊరంతా కుళ్లువాసన.
నీకు రాలేదా వాసన?"

గడ్డ తిరుగుతూనే ఉంది.
దానికి మన్ను లేదు, కింద వెంట్రుకల్లాంటి వేర్లు లేవు.
రిజిస్టరులో "పిల్లలు స్పందించారా?" అన్న చోట
అవును అని టిక్కు పెట్టాను.
అంతకు మించి రాయడానికి గడి లేదు.

"మరి ఉకు ఏం బొమ్మ టీచర్?" అంది సుంకులమ్మ.
నేను ఆలోచించే లోపే
వాడు ముక్కను నేల మీదేసి
రెండు కాళ్లతో దాని మీదెక్కి నిలబడ్డాడు.
ట్యాబు పట్టాను.
గడ్డ లేదు. తెర నిండా వాడే,
గుండీ ఊడిన చొక్కా, చీమిడి, నవ్వు.

"ఉ, ఉరుకుందు!"
ఎవరూ అడక్కుండానే బడంతా చదివింది.

ఆ రోజు నుంచి ఆ ముక్క మీద ట్యాబు పడితే
ఏమీ లేవడం లేదు.
అక్షరం మీద మడమంత ఎర్రమన్ను.
తుడిస్తే పోతుంది.
నేనే తుడవలేదు.