వెనక గది

జూలై. బలరాట్‌లో షట్టరు తాళం మీద మంచు.
నోటితో ఊదితే గాని తాళంచెవి దిగదు.
లోపల వెండిరంగు మాజ్డా
నిన్నటినుంచీ అలిగి పడుకుని ఉంది.

రోవెనా ప్రిచర్డ్ పాల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
రబ్బరు బూట్లతోనే వచ్చింది.
"పొద్దున చలిలో బతిమాలితే లేస్తుంది.
బాకస్ మార్ష్ దాటి ఎత్తు ఎక్కేటప్పుడు
గొర్రెల లారీ కూడా నన్ను దాటేసి పోతుంది.
పెట్రోలు పోయించుకుని, వేడిమీద తాళం తిప్పానా,
ఇక అంతే."

ఇదివరకు చూసినవాళ్ళు తలా ఒక సామాను మార్చారు.
బ్యాటరీ ఒకరు, పంపు ఒకరు, ప్లగ్గులు ఇద్దరు.
బిల్లులన్నీ డాష్‌బోర్డు అరలో
రబ్బరు బ్యాండు కింద భద్రంగా.

మా జామిట్ ముసలాయన
నలభై ఏళ్ళు ఈ ఇంజన్లే వింటూ
చెవులు వాటికే ఇచ్చేశాడు.
ఇప్పుడు నా చెవులే ఆయనవి.

అనంతపురం పాలిటెక్నిక్‌లో నాకు చెప్పింది పిస్టన్ గురించి,
కిందికీ పైకీ, బావిలో చేదలా.
ఇది ఆ జాతి కాదు.
వేరుశెనక్కాయ డొల్లలాంటి గదిలో
అడ్డంగా కోసిన తాటికాయలా
మూడు మొహాల ఇనుము
గోడలు ఒరుసుకుంటూ తిరుగుతూనే ఉంటుంది,
పెట్రోలుతోబాటు గుక్కెడు నూనె తాగుతూ.
తాగకపోతేనే భయపడాలి.

జడ ముడేసుకుని మొదట కాయిల్స్ చూశాను.
నిప్పురవ్వ నీలంగా దూకాలి.
ఇది నారింజ రంగులో,
రానా వద్దా అన్నట్టు.
నాలుగూ మార్చాం.

వెండూరీ చెరువు చుట్టూ తిప్పుకొచ్చాను.
పరిగెత్తింది!
ముల్లు ఆరు వేలు దాటింది,
నల్ల హంసలు మెడలు సాచి చూశాయి.
నవ్వుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆపి
మళ్ళీ తాళం తిప్పాను.

స్టార్టరు తిరుగుతోంది.
తిరుగుతోంది.
పచ్చి పెట్రోలు వాసన.

జామిట్ నావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు.
పంపు ఫ్యూజు పీకాను. ముందు గది ప్లగ్గు ఒకటి విప్పాను.
రోవెనా సీట్లో కూర్చుని
యాక్సిలరేటరు అడుగుదాకా తొక్కి తాళం తిప్పింది.

తకిట తకిట తకిట.
మూడు మొహాలూ సమంగా ఊపిరి తీస్తున్నాయి.
ఆయన కోసం దెబ్బకో వేలు ఎత్తి చూపించాను.
అరచేయి ఇంజను మీదే ఉంచి
ఆయన తలాడించాడు.

ఆ ప్లగ్గు బిగించి, వెనకదాన్ని విప్పాను.

త.
ఒక నిట్టూర్పు. ఇంకో నిట్టూర్పు.
త.

నా చూపుడు వేలు నిటారుగా లేచింది.
నడిమి వేలు సగం లేచి ఆగింది.
దాని పక్కదీ అంతే.

రెండిళ్ళ నడుమ గోడ కూలితే
రెండిళ్ళలోనూ చలే.
ఆ గోడ మందం రెండు మిల్లీమీటర్లు.
అరిగిందో, విరిగిందో, విప్పితే గాని తెలీదు.
విప్పితే, మళ్ళీ బిగించే ఖర్చు
కారు ఖరీదుని మించిపోతుంది.
ఇదంతా ఇంగ్లీషులో ఎలా మెత్తగా చెప్పాలా అని
నేను మాటలు వెతుక్కుంటున్నాను.

కిటికీలోంచి తల బయటపెట్టి
ఆమె నా చేతినే చూస్తోంది.
"రెండు వేళ్ళు వంగి ఉన్నాయే," అంది.

దించుకోవడం మర్చిపోయాను.

దిగివచ్చింది. నన్ను సీట్లో కూర్చోమంది.
జామిట్ అరచేతి పక్కన
తన అరచేయి ఆనించి,
"తిప్పు, నన్నూ విననీ."

తిప్పాను.

"ఒకటి," అంది.
రెండు అనడానికి పెదవులు తెరిచి
అలాగే నిలబడింది.