ఏం తిన్నావు?

ఫోన్‌లో అందరూ అడిగేది ఒకటే: తిన్నావా?
ఆఁ, అంటాను. అయిపోతుంది.
జయనగర్ ఆస్పత్రిలో డాక్టర్ నాగరత్న మాత్రం
ఏం తిన్నావని అడిగింది,
ఆరేళ్ల లెక్క రాసి తెమ్మంది.

రాశాను. మారతహళ్లి పీజీ, నాలుగో అంతస్తు.
రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి ఇడ్లీలు అయిపోయేవి.
కప్పు నూడుల్స్, క్రీమ్ బిస్కెట్లు,
టిన్నులో అమ్మే హుషారు.
కూర అని రాద్దామంటే
ఒక్క పూటా గుర్తు రాలేదు.

వీటివల్లేనా?
ఆమె పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.
వల్లే అనలేం. ముప్పు పెరుగుతుందంటాం.
ఇవే తిని బాగున్నవాళ్లూ ఉంటారు.

ఉంది. పక్కమంచం గీర్వాణి.
మొన్న సెలవు రాత్రి అదే కప్పు ఖాళీ చేసి
గుర్రుపెట్టి నిద్రపోయింది.
నేను ఏడుసార్లు లేచాను.
ఏడోసారి నెత్తురు చూసి
లైటు ఆర్పేశాను, చూడనట్టు.

పోనీ, ఇకనైనా ఆకుకూరలు, పీచు తింటానంటే
ఇప్పుడే వద్దంది. ముందు పుండు మానాలట.
తినాల్సినన్నాళ్లూ తినని గోంగూర
మడివాళ మార్కెట్లో
కట్ట పదిహేను అంటూ నన్నే పిలుస్తోంది.

సొరకాయ ఒకటి కొన్నాను, లేతది.
గోరు దిగింది.
ఫోన్ మోగింది. తిన్నావా?
ఇంకా లేదు, అన్నాను.
చెక్కు తీస్తున్నాను.