మైకు ముందర ఓదెమ్మ

మే నెల. రాత్రి రెండింటికి కూడ
బల్లార్షా జంక్షన్ల ఇనుప బెంచీలు కాలుతయి.
కాగితం మిల్లు దిక్కునుంచి గాలి మళ్ళితే
ఊరంతా ఉడికిన వెదురు వాసన.
దానికి ముక్కు మూసుకోనోడే ఈ ఊరోడు.

ఎంక్వైరీ కిటికీ వెనుక ఓదెమ్మ.
సర్వీసు పుస్తకంల ఉర్మిల.
కంప్యూటర్ పడుకున్న రాత్రుల్ల
తనే మైకు పట్టి బండ్లను పిలుస్తది,
మరాఠీల ఒకసారి, హిందీల ఒకసారి.
తెలుగు వంతు రాంగనే క్యాసెట్ పెడ్తది.
ఎప్పుడో రిటైరైన మనిషి గొంతు,
కాజీపేటను గరగర నములుతది.

"మీ భాషంటే మీకే సిగ్గా?" అంటడు
స్టేషన్ మాస్టర్ వాంఖడే.
ఆమె నవ్వదు.

నాకు తెలుసు. పార్శిల్ ఆఫీసుల
నిమ్మకాయ బస్తాలు లెక్కబెట్టేటోణ్ని,
గని దారిల వాళ్ళదీ మాదీ ఒకటే గోడ.
తొమ్మిదేండ్ల పిల్ల. గోలీసోడాకు అలిగింది.
పొద్దటి షిఫ్టుకు టోపీ పెట్టుకుంటున్న నాయినను
"పో" అన్నది.

మనిండ్లల్ల ఎవ్వరు పోత అనరు గద.
పోయొస్త అంటరు. పోయి రా అంటరు.
తోక లేకుండ ఆ మాటను గడప దాటనియ్యరు.
ఆ పిల్ల తోక తెంపింది.
గని కూలలేదు, నీళ్ళు ఊరలేదు.
హాజరు పుస్తకంల దిగినట్టు సంతకం ఉన్నది,
ఎక్కినట్టు లేదు.

తర్వాత చెల్లె జ్వరాన్ని పొమ్మన్నది.
జ్వరం పోయింది, పోతా పోతా
కుడిచెవి వినికిడిని ఎంట తీస్కపోయింది.
అప్పటిసంది ఓదెమ్మ నోట తెలుగు లేదు.
కలలు కూడ మరాఠీలనే వస్తయంటది.
నేను నమ్మను.

ఇగ మొన్నటి రాత్రి.
అయిదో నంబర్ ప్లాట్‌ఫారం మీద
బూట్ల చప్పుడు లేకుండ మనుషులు నిండిన్రు.
నెత్తిన దీపాలు. పళ్ళు తప్ప అంతా బొగ్గు.
ముప్పై, నలభై ఏండ్ల కింద దిగినోళ్ళు.
ఎండాకాలం ఎండాకాలం వస్తరు,
క్వార్టర్ల తలుపులు తడ్తరు,
ఎవరూ తెరవక మళ్ళ దిగుతరు.
వాళ్ళ తప్పేంది?
సద్ది గిన్నె చేతికిస్తూ పెండ్లాలు
పోయి రా అన్నరు.
వాళ్ళు మాట తప్పలే.

ముసలోడొకడు కిటికీ కాడికొచ్చిండు.
"బిడ్డా, మా బండిని పిలువు."
మరాఠీల పిలిచింది. కదల్లే.
హిందీల పిలిచింది. ఒకడు జేబుల బీడీ దేవులాడుకున్నడు.
క్యాసెట్ పెట్టింది. కాజీపేట, కాజీపేట, కాజీపేట.

అప్పుడు లేచి కిందికి దిగింది.
దీపం దీపం కింద మొఖం చూసుకుంట
ఆ కొస నుంచి ఈ కొసకు నడిచింది.
నాయిన లేడు.
ఎట్లుంటడు,
ఆయనకు రా అన్నోళ్ళే లేరు.

తిరిగొచ్చి నాకు చెవులు చూపింది.
మూట విప్పి దూది కూరుకున్న,
మీద తువ్వాల బిగించిన,
బెంచీ మీద పండుకున్న సిర్పూర్ ఆడమనిషి చెవులను
రెండు అరచేతులతోటి మూసి పట్టిన.

అందుకే ఓదెమ్మ ఏమన్నదో నాకు తెల్వదు.
మైకు ముందర పెదవులు ఒక్కసారి
కలిసి విడిపోవుడు చూసిన.
దీపాలన్నీ ఒకటే దిక్కు మళ్ళినయి,
పట్టాలు లేని దిక్కు.

తెల్లారి చాయ్ తాగినం.
కప్పు పట్టిన చెయ్యి సాసర్ మీద టకటకమంటున్నది.
అలవాటున నోరు జారిన, "పోయొస్త ఓదెమ్మా."
జవాబు ఆమె గొంతు దాక వచ్చింది,
పదహారేండ్లు వాడక తుప్పు పట్టిన రెండో ముక్క.
మింగింది.
మరాఠోళ్ళు పోయేటప్పుడు యేతో అంటరు,
వస్త అని.
"యే" అన్నది, మెల్లగ. రమ్మని.

సైకిలెక్కి మిల్లు గేటు దాటినంక తెలిసింది
దూది ఇంక చెవులల్లనే ఉన్నదని.