వేలిముద్ర పడని మనిషి

జుబైల్‌లో రాత్రి డ్యూటీ అంటే
సముద్రం ఉడికే వాసనలో పన్నెండు గంటలు.
ఉప్పు ఒక గొట్టంలోకి, నీళ్లు ఒక గొట్టంలోకి.
నేను మీటర్లు చూసి రాస్తాను.
దూస భూపతి గొట్టాల లోపలి పాచిని యాసిడ్‌తో కడుగుతాడు.
కడిగీ కడిగీ అతని వేళ్ల మీది గీతలు పోయాయి.

గేటు దగ్గరి మిషను
రోజూ అతన్ని కాదంటుంది.
ఎర్ర లైటు. తుడుచుకుని పెడితే మళ్లీ ఎర్ర లైటు.
నెలాఖరుకు ఆరు రోజులు గైర్హాజరు.
ఆ ఆరు రోజులూ అతని డబ్బాలో పచ్చిపులుసు పంచుకున్నవాణ్ణి నేను.
నా సాక్ష్యం ఎవరడిగారు?

అతని దిండు కింద ఒక పుస్తకం.
అట్ట లేదు, రాసినవాడి పేరు లేదు,
ఎవరో తెలుగులోకి దింపి జిరాక్సు తీసిన నలభై పేజీలు.
మనిషి చెడింది మొదటి చక్రంతోనే, అంటుంది.
తీగలు తెంపాలి, అంటుంది.
పట్నాలు దాహంతో ఖాళీ కావాలి.
పోయేవాళ్లు పోతారు, మిగిలినవాళ్లు మళ్లీ మనుషులవుతారు.
అది ముప్పై ఒకటో పేజీ. కింద పెన్సిలు గీత.
గీత నాది కాదన్నాడు భూపతి.
ఆ గదిలో పెన్సిలున్నది అతనికొక్కడికే.

నవ్వి పక్కన పడెయ్యలేకపోయాను.
సిరిసిల్లలో వాళ్ల నాయిన మగ్గం గుంట పూడ్చి
పైన బండలు పరిచి మరమగ్గం దింపారట.
ఆ తర్వాత చాన్నాళ్లు ముసలాయన అర్ధరాత్రి లేచి
ఆ బండల మీద కాళ్లు వేలాడేసే చోటు వెతికేవాడట.
ఇది పుస్తకంలో లేదు. భూపతి చెప్పాడు.
చెప్పాక ఇరవై పేజీలు ఔను ఔననుకుంటూ చదివాను.
నా భయమంతా అక్కడే.
పచ్చి అబద్ధమైతే మొదటి పేజీలోనే మూసేవాణ్ణి.

రాత్రి మూడింటికి అడిగాను:
పోయేవాళ్లంటే ఎవరు భూపతీ, పేర్లు రాయి.
మొదట లోక్‌బహదూర్ పేరు రాయి.
మన కింది మంచం. ఎండలో ఇనుప కడ్డీలు వంచుతూ
రెండు కిడ్నీలూ పోగొట్టుకున్నవాడు.
వారానికి మూడుసార్లు ఒక మిషను
వాడి నెత్తురు బయటికి తీసి, కడిగి, లోపలికి పంపుతుంది.
కడిగేది మనం తీసే ఈ నీళ్లతోనే.

"మరి ఆ కిడ్నీలు ఎవడు ఎండబెట్టిండు?"
అన్నాడు వెంటనే.
మనిషే గదా, అన్నాను.
"మనిషి చేతిల మిషిను లేదా?" అన్నాడు.
పంపు మోగుతూనే ఉంది.
ఇట్లాగే తెల్లారింది, ఆ రోజూ, ఇంకా చాలా రోజులూ.

ఆగస్టులో, గాలి దుమ్ము లేచిన ఒక రాత్రి
ఎర్ర పిడి ముందు నిలబడ్డాడు.
పెద్ద పంపు ఆగే పిడి.
గ్లౌజులు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.
నేను పరుగెత్తలేదు, అరవలేదు.
"ఇయ్యాల మంగళారం" అన్నాను.
లోక్‌బహదూర్‌ది మంగళ, గురు, శని.
ఆసుపత్రికి వేరే ట్యాంకులున్నాయని మా ఇద్దరికీ తెలుసు.
అయినా అన్నాను.
చాలాసేపు అట్లాగే ఉండి చెయ్యి దించాడు.
నా మాటకా, అలసటకా?
నేను అడగలేదు.

పొద్దున గేటు దగ్గర
అతని బొటనవేలికి కొబ్బరినూనె రాసి చూశాను.
ఎర్ర లైటు.
ఆ రాత్రి అతను పనికి రాలేదనే రాసుకుంది మిషను.
దాని లెక్కలో
ఎర్ర పిడి ముందు ఎవరూ నిలబడలేదు,
ఎవరూ చెయ్యి దించలేదు.
భూపతి నవ్వాడు. అతన్ని నవ్వగా చూడటం అదే మొదలు.

పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది.
ముప్పై ఒకటో పేజీ అంచుల్లో పేర్లు రాస్తున్నాను:
లోక్‌బహదూర్, వంటగది శంసుద్దీన్,
పక్క క్యాంపులో నెలలు నిండని బిడ్డ ఫోటో చూపించే డ్రైవరు,
ఆ అద్దాల పెట్టెలో బతికిన ఆ బిడ్డ.
పేరింకా పెట్టలేదట, చుక్క పెట్టి వదిలాను.
అంచులు చాలడం లేదు.

మొదటి ఇరవై పేజీల అంచులు మాత్రం
తెల్లగానే ఉన్నాయి.
పెన్సిలు పట్టుకుని చాలాసార్లు కూర్చున్నాను.