బూడిద నీళ్లు

రాత్రంతా మా వంటింట్లో
ఒక చుక్క పడుతూనే ఉంటుంది.
ఎండిన చిక్కుడు పొట్టు కాల్చి, బూడిద చల్లార్చి,
అడుగున మేకుతో పొడిచిన నూనె డబ్బాలో కూరి
పైనుంచి నీళ్లు పోస్తుంది మా అవ్వ కగేహ.
కింద గిన్నె.
తెల్లారేసరికి గిన్నెలో డికాక్షన్ రంగు.

మున్యు అంటాం దాన్ని, ఉప్పు అని అర్థం.
ఉప్పు కాదు.
వేలితో తాకితే సబ్బులా జారుతుంది,
నాలుకకి తగిలితే చురుక్కుమంటుంది.
క్షారమూ కారమూ ఒక కడుపున పుట్టినవేనని
ఎవరూ చెప్పక్కర్లేదు.

విహిగ కొండల మీద తొలివాన పడ్డాక
గట్ల వెంట పరింట కూర, అలసంద ఆకు, వామింట.
మొండి ఆకులు.
"అప్పు అడగడానికొచ్చిన చుట్టం లాంటివి,
కూర్చోబెట్టి మెత్తబరచాలి" అంటుంది అవ్వ.
కాడలు తుంచు. ఇసక పోయేదాకా కడుగు.
నీళ్లు మరిగాక ఒక్క గరిటె మున్యు, తర్వాతే ఆకు.
మూత పెట్టకు, పచ్చదనం అలుగుతుంది.
పరింట జిగురు గరిటె వెంట లేచి
తీగలా సాగితే దించెయ్.
వామింటకైతే చేదు వార్చి, పాలు పోసి,
ఒక రాత్రి వదిలెయ్.
నిద్ర లేచాక అదే మంచిదవుతుంది.

క్లినిక్ నర్సు ఖసియాల గుమ్మంలోనే కేక వేసేది:
"అంత పొయ్యకు ముసలమ్మా, ఆకులో సత్తువ చస్తుంది!"
"తక్కువ పోస్తే నా పళ్లు చస్తాయి."
ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.
నర్సు తన వాటా కూర గిన్నెలో పట్టుకుపోయేది.

క్రిస్మస్‌కి మా తమ్ముడు ఇంబుగ నైరోబీ నుంచి వచ్చాడు.
నీలం సీసాలో క్షార జలం,
సీసా ఒక్కటీ మూడు కోళ్ల ఖరీదు.
ఒంట్లో పులుపు విరుగుతుందట, వయసు ఆగుతుందట.
ఒక చిన్న పెట్టెలో రంగు మారే కాగితాలు.
ఒకటి తన నీళ్లలో ముంచాడు: చిలకపచ్చ నీలంలోకి తిరిగింది.
అందరం "ఓహో" అన్నాం.
అవ్వ తన గిన్నె ముందుకు తోసింది.
కాగితం నేరేడు పండైంది,
వాడి పట్టికలో చివరి గడి దాకా పరుగెత్తి
ఇక చోటు లేక ఆగింది.
"నాది కోడిపెట్టకైనా అమ్ముడుపోతుందా?"
వాడు తల గోక్కున్నాడు.

ఆ రోజు కూర ఎవరం తినలేకపోయాం.
సబ్బు ముక్క ఉడికించినట్టుంది.
ఉగాలి ముద్దతో అద్దుకుని
నోరు మెదపకుండా మింగుతున్నాం.
అవ్వ మాత్రం వేళ్లు నాక్కుంటూ
"ఇవాళ కుదిరింది" అంది.
అప్పుడు తెలిసింది నాకు.
మొన్నటి జ్వరం ఆమె నాలుకని తీసుకుపోయింది.
నాలుగు వారాలుగా ఆ గరిటె
చీకట్లో నడుస్తోంది.

నా ముఖం చూసి ఆమెకీ తెలిసింది.
కంచం పక్కకి జరిపి
చాలాసేపు పొయ్యి కేసి చూసింది.

పొద్దున్న లేచేసరికి పొయ్యి దగ్గర
ఇంబుగ, వాడి కాగితాల పెట్టె, అవ్వ.
ఆకు వెయ్యకముందు గిన్నెలో కాగితం ముంచి
గుమ్మం వెలుగులో పట్టుకుంది.
"నేరేడైతే నీళ్లు కలుపు.
పావురం మెడ రంగు వస్తే చాలు."
ఆ రంగు వాడి పట్టికలో లేదు.
అయినా వాడు పెన్సిలు తీసి
ఆ గడి పక్కన చిన్న పావురాన్ని గీశాడు.
వాడు వెళ్లేటప్పుడు పెట్టె ఇక్కడే మర్చిపోయాడు.
మర్చిపోయాడని అవ్వ అంటుంది.

ఇప్పుడు పెట్టెలో తొమ్మిది కాగితాలు మిగిలాయి.
నేను గరిటె అంచున ఒక చుక్క తీసుకుని
నాలుక మీద పెట్టుకుంటాను, కళ్లు మూసుకుని.
"ఏ రంగు?" అంటుంది అవ్వ.
ఇంకా తప్పు చెబుతూనే ఉన్నాను.
చుక్క పడుతూనే ఉంది.