కోరం

సిరొంచ తాలూకా, బడి వరండా.
తునికాకు వేలానికి గ్రామసభ.
నూరు కట్టలకు ఐదు రూపాయలు పెంచమంటే
గుత్తేదారు ఫ్యాను వైపు చూస్తున్నాడు.
కరెంటు లేదు.

కోరానికి ఒక్కరు తక్కువ.
అందరూ వచ్చినట్టే
కార్యదర్శి మరాఠీలో రాసుకుపోతున్నాడు.

నెత్తిన కట్టెల మోపుతో
సిడాం మెంగుబాయి మెట్ల కింద ఆగింది.
"నేనింకా కూసోలే. రాయకు."

కలం ఆగింది.
ప్రాణహిత అవతల ఏదో బస్సు హారన్.
అక్కడ వేరే రాష్ట్రం, వేరే ధర.

ఆమెకు తొందర లేదు.
మోపు దించింది,
మెడ తుడుచుకుంది,
లోటాడు నీళ్లు తాగింది.
ఎక్కడో ఢిల్లీలో అచ్చయిన పుస్తకంలోని అధికరణం ఒకటి
అంతసేపూ ఆమె కోసం
నిలబడే ఉంది.

కూర్చుంది.
"ఇగ చెప్పుమను, ధర."